ఓట్లు గవ్వే, లెక్క మారితే గెలిచేటోడు మారుతడు

2023 డిసెంబర్ 3న కామారెడ్డి ఫలితం వచ్చినప్పుడు రాష్ట్రం మొత్తం అటే చూసింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, నాలుగు రోజులకే ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డి ఒక్కటే సీటుల నిలబడి ఇద్దరూ ఓడిపోయిండ్రు. బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డికి 66,652 ఓట్లు. కేసీఆర్‌కు 59,911. రేవంత్‌కు 54,916. ఇద్దరు పెద్ద లీడర్లను ఒక్కడే కొట్టిండని అందరం మెచ్చుకున్నం. మెచ్చుకోవాల్సిందే. కానీ అంకెలు ఇంకోసారి చూడుండ్రి. గెలిచినాయనకు వచ్చినయి పడ్డ ఓట్లల్ల మూడో వంతు కంటె జర ఎక్కువ. మిగిలిన రెండు వంతుల జనం ఇంకొకరిని కోరుకున్నరు. "మీరు కోరుకున్నాయన గెలవకపోతే ఎవరు నయం?" అని వాళ్లను అడిగినోడు లేడు. ఓటు మిషన్ల ఆ ప్రశ్నకు బటనే లేదు.

అడిగితే ఏమయ్యేదో మనకు తెల్వదు. కానీ లెక్క చేసి చూడొచ్చు. మూడో స్థానంల ఉన్న కాంగ్రెస్ అభ్యర్థిని పక్కన పెట్టి, ఆ 54,916 మందిని మిగిలిన ఇద్దరిల ఒకరిని ఎంచుకొమ్మంటే, అందుల నూటికి 57 మంది కారు దిక్కు పోతే కేసీఆర్ గెలుస్తుండె. అట్ల కాకుండ కేసీఆర్‌ను పక్కన పెట్టి ఆయన ఓటర్లను అడిగితే, నూటికి 60 మంది చేతి గుర్తు దిక్కు పోతే రేవంత్ గెలుస్తుండె. ఆ రెండూ జరగకపోతే ఇప్పుడు గెలిచినాయనే గెలుస్తుండె. ఓటర్లు గవ్వే, వాళ్ల మనసుల ఉన్నది గదే. మనం అడిగే ప్రశ్న, కూడే పద్ధతి మారితే ముగ్గురిల ఎవరైనా ఎమ్మెల్యే అయ్యేటందుకు దారి ఉన్నది. ఆయన గెలుపును తప్పు పట్టేటందుకు గిది రాస్తలేను, రూల్ ప్రకారం ఆయనే గెలిచిండు. ఆ రూల్ ఆకాశం నుంచి పడ్డది కాదని చెప్పేటందుకు రాస్తున్న.

మన దగ్గర సర్పంచ్ కాడికెళ్లి ఎంపీ దాంక నడిచేది "ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్లే" అనే పద్ధతి. సగం దాటాల్సిన పని లేదు, పక్కోని కంటె ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలు. ఇద్దరే నిలబడితే దీనికి మించిన పద్ధతి లేదు. మూడో మనిషి నామినేషన్ ఏసిన గడియ నుంచే దీని రోగం బయటపడుతది.

ఓట్లు చీల్చుడు అనే విద్య

ఊర్లల్ల ఈ రోగం అందరికీ ఎరుకే, పేరు మాత్రం పెట్టలే. ఎదుటోనికి పట్టున్న వాడకెళ్లి ఇంకొకన్ని నిలబెడుతరు. నామినేషన్ ఖర్చు వీళ్లే పెడుతరు. ఆ నిలబడ్డోడు గెలవడు, గెలవాలని ఎవ్వరూ కోరుకోరు సుత. ఎదుటోని ఓట్లల్ల ఒక యాభై పట్టుకపోతే పని అయిపాయె. ఇంగ్లీషుల వీళ్లను స్పాయిలర్ అంటరు. మన దగ్గర డమ్మీ అంటరు.

2019ల భువనగిరి పార్లమెంటు సీటు చూడుండ్రి. కాంగ్రెస్ అభ్యర్థి కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి 5,219 ఓట్లతోని గెలిచిండు. అదే పోటీల రోడ్డు రోలర్ గుర్తు మీద నిలబడ్డ ఒక అభ్యర్థికి దగ్గరదగ్గర 28 వేల ఓట్లు పడ్డయి. రోడ్డు రోలర్ బొమ్మ చూసేటందుకు కారు లెక్క కొడుతది, ముసలోళ్లు పొరపాటున నొక్కిండ్రు, అందుకే ఓడినం అన్నది కారు పార్టీ వాదన. అందుల ఎంతమంది పొరపాటు పడ్డరో, ఎంతమంది తెలిసే ఏసిండ్రో తేల్చే దారి లేదు. మనం పట్టుకోవాల్సిన ముచ్చట వేరే ఉన్నది: గెలిచే చాన్సు లేని ఒక పేరు, ఒక బొమ్మ, గెలుపును తారుమారు చేసేటంత సందు ఈ పద్ధతిల ఉన్నది.

ఇదే సందును జనం సుత వాడుకున్నరు, కానీ మంచి పనికి. ఫ్లోరైడ్ నీళ్లతోని నడుములు వంగిపోతున్నయని 1996ల నల్లగొండ పార్లమెంటు సీటుకు 480 మంది నిలబడ్డరు. బ్యాలెట్ పేపర్ పుస్తకం అయ్యింది, పోలింగే వాయిదా పడ్డది. 2019ల నిజామాబాద్‌ల పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు ఏస్తే మొత్తం 185 మంది అయిండ్రు. సర్కారు ఏం నేర్చుకున్నది? 1996ల పార్లమెంటు డిపాజిట్ 500 రూపాయలకెళ్లి 10 వేలు చేసిండ్రు. లెక్క పెట్టే పద్ధతిల ఉన్న తప్పును పేదోని జేబు మీదకెళ్లి సరిచేద్దామనుకున్నరు. నాకు ఇప్పటికీ మండే ముచ్చట గిది.

చిన్న పార్టీలు, బహుజన సంఘాలు, కొత్తగ నిలబడే పోరగాళ్లకు ఈ పద్ధతి చేసే నష్టం ఇంకోటున్నది. "నువ్వు మంచోనివే తమ్మీ, కానీ నీకేస్తే ఓటు ఖరాబైతది" అనే మాట. ఆ మాట అనేటోడు అబద్ధం చెప్తలేడు, ఈ రూల్ కింద నిజంగనే ఖరాబైతది. అందుకే జనం తమకు నచ్చినోనికి కాకుండ, నచ్చనోన్ని ఓడగొట్టేటోనికి ఏస్తరు. ఆ తర్వాత టీవీల కూసోని "ఫలానా పార్టీకి జనంల బలం లేదు" అంటరు. బలం ఉన్నదో లేదో కొలిచే తరాజే ఒక దిక్కు ఒంగి ఉంటే తూకం ఏం తెలుస్తది?

రెండో నంబర్ రాస్తే రోగం కుదురుతదా?

దీనికి మందు ఏందంటే చానమంది చెప్పేది ప్రాధాన్యత ఓటు. ఒక్కటే టిక్కు కాకుండ 1, 2, 3 అని వరుస రాసుడు. మొదటి ప్రాధాన్యతల ఎవ్వరికీ సగం దాటకపోతే అందరికంటె తక్కువొచ్చినోన్ని తీసేసి, ఆయన ఓట్లను వాటి మీద రాసిన రెండో నంబరోనికి పంచుతరు. అట్ల ఒక్కొక్కర్ని తీసుకుంట పోతరు. ఇది మనకు కొత్తది కాదు. రాష్ట్రపతి ఎన్నిక గిదే పద్ధతి, గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ, టీచర్ ఎమ్మెల్సీ గిదే పద్ధతి.

రాష్ట్రపతి ఎన్నికల రెండో ప్రాధాన్యత దాంక పోయింది ఒక్కటే సారి, 1969ల. పోటీ పడ్డ ఇద్దరూ తెలుగోళ్లే. వీవీ గిరి, నీలం సంజీవరెడ్డి. ఇందిరాగాంధీ అంతరాత్మ చెప్పినట్టు ఓటెయ్యుమన్నది, కాంగ్రెస్ రెండు ముక్కలయ్యే కాలం అది. మొదటి లెక్కల గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, మూడో ఆయన సీడీ దేశ్‌ముఖ్‌కు 1,12,769. (ఇవి మనుషుల లెక్క కాదు. ఎంపీ, ఎమ్మెల్యే ఓట్లకు ఉండే విలువ లెక్క.) సగం దాటాలంటే 4,18,169 కావాలె. గిరికి దగ్గర దాంక వచ్చి ఆగింది. చిన్నోళ్లను, ఆ తర్వాత దేశ్‌ముఖ్‌ను తీసేసి పంచితే గిరి 4,20,077 కాడికి, సంజీవరెడ్డి 4,05,427 కాడికి చేరిండ్రు. చూసిండ్రా? గిరికి కలిసింది 18 వేల పైన, సంజీవరెడ్డికి కలిసింది దగ్గరదగ్గర 92 వేలు. 88 వేల తేడా 14 వేల పైకి వచ్చి ఆగింది. దేశ్‌ముఖ్‌ను నిలబెట్టిన స్వతంత్ర పార్టీ, జనసంఘ్ వాళ్ల రెండో నంబర్ ఎక్కువగ సంజీవరెడ్డికే పోయింది. మొదటి లెక్క చూసి చెయ్యి కడుక్కుంటే ఆ పోటీ ఎంత దగ్గరగ నడిచిందో మనకు తెలిసేదే కాదు. ఈ పద్ధతిల ఉన్న గుణం గిది, ఒప్పుకోవాలె.

ఇగ మన కాడి లెక్కకు వస్త. 2021 మార్చిల వరంగల్-ఖమ్మం-నల్లగొండ గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఎన్నిక. 71 మంది పోటీ. బ్యాలెట్ పేపర్ చెద్దరంత ఉండె. చెల్లిన ఓట్లు 3,66,333, కోటా 1,83,167. మొదటి ప్రాధాన్యతల పల్లా రాజేశ్వర్ రెడ్డికి 1,10,840, తీన్మార్ మల్లన్నకు 83,290, కోదండరాంకు 70,072. కోటాకు అందరూ ఆమడ దూరం. నాలుగు రోజులు రాత్రింబగళ్లు లెక్కపెట్టిండ్రు. ఒక్కొక్కర్ని తీసుకుంట తీసుకుంట వచ్చి, లక్ష పైచిలుకు ఓట్లున్న కోదండరాంను మూడో మనిషిగ తీసేసి పంచితే పల్లాకు 1,61,811, మల్లన్నకు 1,49,005 అయినయి. పల్లా గెలిచిండు.

ఇప్పుడు కూడుండ్రి. ఆ రెండూ కలిపితే 3,10,816. చెల్లిన ఓట్లు 3,66,333. మధ్యల 55 వేల పైన ఓట్లు యాడ పోయినయి? యాడికీ పోలే. ఆ బ్యాలెట్ల మీద పల్లా పేరు కాడ, మల్లన్న పేరు కాడ ఏ నంబరూ లేదు. వాళ్లు రాసిన పేర్లన్నీ ఎగిరిపోయినంక ఆ కాగితానికి చెప్పేటందుకు మాట మిగల్లే. దీంతోని చివరి ఇద్దరిల ఎవ్వరూ మొదలు పెట్టిన కోటాను చేరలే. "ప్రాధాన్యత ఓటుతోని సగం మంది ఒప్పుకున్నోడే గెలుస్తడు" అని పుస్తకాలు చెప్తయి. జనం అన్ని నంబర్లు రాస్తేనే ఆ మాట నిజమైతది.

దీనికంటె లోతు ప్రశ్న ఇంకోటి. కోదండరాంను తీసేసినంక ఆ ఓట్లు మిగిలిన ఇద్దరికి పంచిండ్రు. మూడో స్థానంల కోదండరాం కాకుండ మల్లన్న ఉండి, ముందుగాల ఆయన పోయుంటే? మల్లన్న ఓటర్ల రెండో నంబర్లు కోదండరాంకు ఎన్ని, పల్లాకు ఎన్ని? పల్లా, కోదండరాం ముఖాముఖి నిలబడితే గెలుపు ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు ఆ బ్యాలెట్ల మీదనే రాసి ఉన్నది. కానీ ఈ పద్ధతి ఆ దిక్కు చూడదు. తీసేసినోని కింద ఉన్న నంబర్లే తీస్తరు. చివరి దాంక నిలిచినోళ్లకు ఓటేసినోళ్ల రెండో మాట కట్టలల్లనే ఉండిపోతది.

"అట్ల ఎప్పుడన్నా అయ్యిందా, ముఖాముఖి అందర్నీ కొట్టేటోడు మధ్యల ఎగిరిపోయుడు?" అంటే, అయ్యింది. లెక్కతోని సహా దొరికింది. అమెరికాల వెర్మాంట్ అనే రాష్ట్రంల బర్లింగ్టన్ అని చిన్న పట్నం. మన మండలం అంత ఉంటది. 2009ల మేయర్ ఎన్నిక ఇదే పద్ధతిల పెట్టిండ్రు. ముగ్గురు గట్టోళ్లు: రిపబ్లికన్ రైట్, ప్రోగ్రెసివ్ పార్టీ కిస్, డెమోక్రాట్ మాంట్రోల్. మొదటి నంబర్లు రైట్‌కు 2,951, కిస్‌కు 2,585, మాంట్రోల్‌కు 2,063. చిన్నోళ్లు పోయినంక మాంట్రోల్ పోయిండు. చివరికి కిస్ 4,313, రైట్ 4,061. కిస్ మేయర్.

ఆ ఊర్ల బ్యాలెట్ల మీద రాసిన వరుసలన్నీ బయట పెట్టిండ్రు. లెక్కలోళ్లు కూసోని కూడి చూస్తే, మాంట్రోల్‌ను కిస్‌తోని ముఖాముఖి పెడితే మాంట్రోలే గెలుస్తుండు, రైట్‌తోని పెట్టినా మాంట్రోలే గెలుస్తుండు. ఇద్దరికీ రెండో నంబర్ ఆయననే. ఎవ్వరికీ శత్రువు కాదు, కానీ మొదటి నంబర్ తక్కువ, అందుకే ముందు ఎగిరిపోయిండు. రెండు కొసల ఉన్నోళ్ల నడుమ ఉన్నోడు నలిగిపోయే రోగం గిది.

ఇంకో వింత సుత ఆ లెక్కల్లనే బయటపడ్డది. రైట్‌కు మొదటి నంబర్ ఇచ్చినోళ్లల్ల దగ్గరదగ్గర 750 మంది మనసు మార్చుకోని కిస్‌కే మొదటి నంబర్ ఇచ్చిండ్రనుకుందాం. కిస్ బలం పెరిగింది గదా, ఇంకా బాగ గెలవాలె గదా? ఓడిపోతడు. ఎట్లంటే, ఆ 750 పోయేసరికి రైట్ మూడో స్థానంలకు పడి ఆయన ముందుగాల ఎగిరిపోతడు. చివరి పోటీ కిస్, మాంట్రోల్ మధ్య పడుతది, మాంట్రోల్ గెలుస్తడు. ఓట్లు ఎక్కువొచ్చినందుకు ఓడుడు! ఇది మొదటిసారి చదివినప్పుడు నేను కాగితం తీసుకోని మూడుసార్లు ఏసి చూసిన. లెక్క సరిగనే ఉన్నది.

ఆ ఊరోళ్లు 2010ల ఓటేసి ఆ పద్ధతిని తీసేసిండ్రు. పదేండ్లు దాటినంక మళ్లీ ఓటేసి తెచ్చుకున్నరు, 2021ల కౌన్సిల్‌కు, 2023ల మేయర్‌కు. పాత పద్ధతిల ఓట్లు చీలే బాధ ఇంకా ఎక్కువ అనిపించిందన్నట్టు.

ఫ్రాన్స్‌ల ఉన్న రెండు విడతల పద్ధతిని సుత చానమంది మెచ్చుకుంటరు. మొదటి విడతల సగం రాకపోతే ముందున్న ఇద్దరికి మళ్లీ పోటీ. 2002ల అక్కడ రాష్ట్రపతి పదవికి 16 మంది నిలబడ్డరు. ఎడమ దిక్కు పార్టీలన్నీ ఎవరికి వాళ్లే నిలబడేసరికి అప్పటి ప్రధాని జోస్పిన్ 16.18 శాతంతోని మూడో స్థానంల పడి అక్కడికే ఆగిపోయిండు. 16.86 శాతం వచ్చిన అతివాద లెపెన్ రెండో విడతకు పోయిండు. ఆ విడతల షిరాక్‌కు 82 శాతం. ఎడమ దిక్కోళ్లు తమకు నచ్చని షిరాక్‌కు ముక్కు మూసుకోని ఓటేసిండ్రు. మందు మారింది, రోగం అదే.

బోరా, రోడ్డా, గోడా?

సరే, అందర్నీ ముఖాముఖి పెట్టి, అందర్నీ కొట్టినోన్నే గెలిపిద్దాం, పంచాయితీ ఒడిసిపోతది గదా అనిపిస్తది. ఫ్రాన్స్‌ల కాండోర్సె అనే పెద్దమనిషి 1785లనే ఈ మాట అన్నడు. అన్నోడే దాని లోపం సుత పట్టిండు. అది అర్థం కావాలంటే ఒక ఉత్తుత్తి ఊరిని అనుకుందాం.

ఊర్ల 900 మంది. పంచాయతీ కాడ ఒక్క పనికే పైసలున్నయి. తాగునీళ్ల బోరు, సీసీ రోడ్డు, బడి ప్రహరీ గోడ, మూడింట్ల ఒకటి. పై వాడ 300 మందికి ముందు బోరు, తర్వాత రోడ్డు, చివరికి గోడ. నడిమి వాడ 300 మందికి ముందు రోడ్డు, తర్వాత గోడ, చివరికి బోరు. కింది వాడ 300 మందికి ముందు గోడ, తర్వాత బోరు, చివరికి రోడ్డు.

బోరు, రోడ్డు మధ్య చేతులెత్తమంటే బోరుకు 600. రోడ్డు, గోడ మధ్య ఎత్తమంటే రోడ్డుకు 600. అయితే బోరే అన్నిట్ల పైన అనుకుంటం. కానీ గోడ, బోరు మధ్య ఎత్తమంటే గోడకు 600! బోరు రోడ్డును కొట్టె, రోడ్డు గోడను కొట్టె, గోడ మళ్లీ బోరును కొట్టె. ఒక్కొక్క మనిషి మనసు సాఫ్ సీదగనే ఉన్నది. ఊరి మనసు మాత్రం గానుగెద్దు లెక్క గుండ్రంగ తిరుగుతున్నది.

ఇట్లాంటప్పుడు గ్రామసభల మైకు పట్టుకున్నోడే రాజు. ముందు బోరు, రోడ్డు మధ్య అడిగి, గెలిచినదాన్ని గోడ మీద పెడితే గోడ పాసైతది. ముందు రోడ్డు, గోడ మధ్య అడిగితే ఆఖరికి బోరు పాసైతది. ముందు గోడ, బోరు మధ్య అడిగితే రోడ్డు పాసైతది. ఏది చివరికి తెస్తే అది గెలుస్తది. "మీరే కదా చేతులెత్తిండ్రు" అంటరు. అవును, మేమే ఎత్తినం. ఏది ముందు అడగాల్నో మాత్రం మమ్మల్ని అడగలే. తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, గ్రామసభకు పోతే తీర్మానంల ఏమున్నదో ఒక్కటే చూడకుండ్రి, ఏ వరుసల అడుగుతున్నరో సుత చూడుండ్రి.

మార్కులు ఏసుడు ఇంకో పద్ధతి. కాండోర్సె కాలంలనే ఉన్న బోర్డా అనే ఆయన చెప్పిండు. ముగ్గురుంటే మొదటోనికి 2 మార్కులు, రెండోనికి 1, మూడోనికి సున్న. బడిల మార్కుల లెక్క మంచిగనే కొడుతది. కానీ మన ఊరి తెలివి ముందట నిలుస్తదా? 100 మందిల 60 మందికి సాయిలు కావాలె, 40 మందికి ఎల్లయ్య కావాలె. ఇద్దరే ఉంటే సాయిలు గెలుస్తడు. ఎల్లయ్య ఉపాయం చేసి తన తమ్మున్ని సుత నిలబెట్టిండు. సాయిలు మనుషులు సాయిలు, ఎల్లయ్య, తమ్ముడు అని వరుస రాసిండ్రు. ఎల్లయ్య మనుషులు ఎల్లయ్య, తమ్ముడు, సాయిలు అని రాసిండ్రు. సాయిలుకు 120 మార్కులు. ఎల్లయ్యకు 60 కలుపు 80, మొత్తం 140. నూటికి అరవై మంది కాదన్నోడు గెలిచిండు. ఇప్పుడున్న పద్ధతిల ఎదుటోని వాడల డమ్మీని పెడితే లాభం. మార్కుల పద్ధతిల మన ఇంట్లనే డమ్మీని పెడితే లాభం. డమ్మీల దందా బందు కాలే, అడ్రస్ మారింది.

నచ్చినోళ్లందరికీ టిక్కు పెట్టే పద్ధతి ఒకటున్నది. ఒక్కరికే కాదు, ఇద్దరు నచ్చితే ఇద్దరికి, ముగ్గురు నచ్చితే ముగ్గురికి. అమెరికాల ఫార్గో అనే పట్నంల 2018ల జనం ఓటేసి తెచ్చుకున్నరు, 2025ల ఆ రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి బందు పెట్టింది. దీనిల లెక్క సులువు, చెల్లని ఓట్లు తక్కువ, ఓటు చీలదు. కానీ రెండో మనిషికి టిక్కు పెడితే ఆయన మనోని మీదనే గెలుస్తడేమో అనే భయం ఉంటది. ఆ భయంతోని అందరూ ఒక్కటే టిక్కు పెడితే మళ్లీ పాత కథే.

1951ల కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త దీనికంతా ఒక గోడ కట్టిండు. ముగ్గురో అంతకంటె ఎక్కువో పోటీల ఉంటే, వరుస రాసే ఏ పద్ధతైనా మూడు చిన్న కోరికలను ఒక్కసారి తీర్చలేదని రుజువు చేసిండు. అందరూ ఒకన్నే మెచ్చితే వాడే పైన ఉండాలె. ఇద్దరి నడుమ ఎవరు మేలో తేల్చేటప్పుడు మూడోడు అడ్డం రావొద్దు. ఒక్క మనిషి మాటే ఊరి మాట కావొద్దు. అడిగింది గింతే, అయినా కుదరదు. ఆయనకు 1972ల నోబెల్ వచ్చింది. ఆ తర్వాత 1973ల గిబ్బార్డ్, 1975ల సాటర్త్‌వెయిట్ ఇంకో మాట తేల్చిండ్రు. ముగ్గురికి గెలిచే దారి ఉండి, చీటీలు ఏసి తీసుడు, ఒక్కడే నిర్ణయించుడు లేకపోతే, మనసుల ఉన్నది ఒకటి, బ్యాలెట్ మీద రాసేది ఇంకోటి చేసి లాభపడే సందు ఏ పద్ధతిలనైనా ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతది. అమర్త్యసేన్ సుత ఈ దారిలనే పని చేసిండు.

దీన్ని పట్టుకోని కొందరు మేధావులు "అన్నీ తప్పులే, ఉన్నదే నడవనియ్యి" అంటరు. నేను ఒప్పుకోను. అన్ని బండ్లకూ బ్రేకులు ఫెయిలైతయి, అట్లని బ్రేకే లేని బండి ఎక్కం గదా. మనం అడగాల్సింది ఏ లోపం ఎవరి మీద పడుతదని. ఈ ప్రశ్నను అందరికంటె ముందు పట్టుకున్నది అంబేద్కర్. 1932 పూనా ఒప్పందంల రిజర్వు సీట్లకు రెండు మెట్లు పెట్టిండ్రు. ముందుగాల దళితులే ఓటేసి నలుగురిని ఎంచాలె, తర్వాత అందరూ కలిసి ఆ నలుగురిల ఒకన్ని గెలిపించాలె. దళితులు మొదటి స్థానంల పెట్టినోడు అందరి ఓట్ల కాడ ఓడిపోయి, వాళ్లు నాలుగో స్థానంల పెట్టినోడు గెలిచే దారి ఆ పద్ధతిలనే ఉన్నది. సీటు మాది, ఎంపిక మీదా అన్నది ఆయన బాధ. ఇయ్యాల రిజర్వు అయిన సర్పంచ్ సీటుల ఎవరు నిలబడాల్నో పెద్ద దొర గడీల తేలుతున్నదంటే, దొర బుద్ధి ఒక్కటే కారణం కాదు, లెక్క సుత ఆయనకు చేదోడుగ ఉన్నది. ఇద్దరు దళిత బిడ్డలు నిలబడితే వాళ్ల వాడ ఓటు రెండు ముక్కలైతది. దొర ఎనకున్న ఓటు ముక్క కాదు, అటా ఇటా అన్నది అదే తేలుస్తది.

నా మటుకు నేను అడిగేది పెద్దదేం కాదు. సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తులు లేని ఎన్నిక, ఊర్ల ఓట్లు కొన్ని వందలో వేలో. వరుస రాసే పద్ధతో, నచ్చినోళ్లందరికీ టిక్కు పెట్టే పద్ధతో ముందుగాల అక్కడ పెట్టి చూడొచ్చు, కౌంటింగ్ ఒక్క రాత్రిల ఒడుస్తది. రెండోది, ఎమ్మెల్సీ ఎన్నికల పేర్లు లేకుండ ఒక్కొక్క బ్యాలెట్ మీద ఉన్న వరుసను బయట పెట్టాలె. బర్లింగ్టన్ అంత చిన్న ఊరు చేసింది, మన ఎన్నికల సంఘానికి చాతగాని పని కాదు. అప్పుడు పల్లా, మల్లన్న, కోదండరాం లెక్క మనమే కూడి చూసుకుందుము.

అప్పటి దాంక డిగ్రీ చదివినోళ్లు ఉన్న కాగితాన్నన్నా పూరాగ వాడుకోవాలె. 2021ల ఆ ఎన్నికల 21 వేల పైన ఓట్లు చెల్లకుండ పోయినయి, అన్నీ డిగ్రీలున్నోళ్లయే. టిక్కు పెట్టొద్దు, సంతకం చెయ్యొద్దు, పేరు రాయొద్దు, "ఒకటి" అని అక్షరాలల్ల రాయొద్దు, అంకె ఏస్తేనే చెల్లుతది. బూతుల ఇచ్చిన పెన్నుతోనే రాయాలె, జేబుల ఉన్న పెన్ను తీయొద్దు. 1 అంకె ఒక్కరికే, అది లేకుంటే మిగిలిన నంబర్లన్నీ బేకార్. "మా అన్నకు 1 ఏసి ఊకోండ్రి, 2 రాస్తే అన్నకు నష్టం" అని ప్రచారంల చెప్తరు. అది అబద్ధం. మీ 1 నంబరోడు పోటీల ఉన్నన్ని రోజులు మీ 2 నంబర్ దిక్కు ఎవ్వరూ చూడరు, ఆయన ఎగిరిపోయినంకనే చూస్తరు. 2 రాయకపోతే అన్నకు వచ్చే లాభం సున్న, మీ కాగితం మాత్రం ఆ 55 వేలల్ల ఒకటైతది.